మినుమా, పెసరా? మీ చేనుకు ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా

అపరాలు (పప్పుధాన్యాలు) వేద్దామనుకున్న రైతు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఈ ఏడు దేనికి రేటుంటుంది?" అడగడంలో తప్పు లేదు. కానీ మినుము, పెసర మధ్య ఎంపికను రేటుతో మొదలుపెడితే లెక్క తలకిందులవుతుంది. విత్తేటప్పుడున్న రేటు కాటా వేసేటప్పుడు ఉండదు. ముందుగానే అంచనా కట్టుకోగలిగినవి వేరే మూడున్నాయి. చేను ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుంది, ఆ రోజుల్లో నేలలో పదను (తేమ) ఎంత నిలుస్తుంది, కాయ ఎండే వారంలో మీ వైపు వాన పడే అవకాశం ఎంత. ఈ మూడూ తేలితే ఏ పంట వేయాలో చాలావరకు తేలిపోతుంది. రేటు ఆ తర్వాత చూసుకోవచ్చు.

పైకి చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. రెండూ గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో నిలుపుకునే పంటలే. మెట్టలో ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం చాలు, అంటే దుక్కిలో ఒక బస్తా డీఏపీ వేస్తే ఇంచుమించు సరిపోతుంది. వరుసల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు అన్నది కూడా రెండింటికీ ఒకటే. చౌడు నేల, నీరు నిలిచే పల్లం రెండింటికీ పనికిరావు. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి వేసేయొచ్చు అనిపిస్తుంది. అసలు తేడాలు పూత దాటాక బయటపడతాయి.

రోజుల లెక్క

పెసర 60 నుంచి 70 రోజుల్లో చేతికొస్తుంది. మినుముకు రకాన్నిబట్టి, కాలాన్నిబట్టి 75 నుంచి 90 రోజులు పడుతుంది. పదిహేను, ఇరవై రోజులే కదా అని తీసిపారేయకండి. వెనక ఇంకో పంట వేయాలనుకునేవాళ్లకు ఈ పదిహేను రోజులే కీలకం. జూన్ మధ్యలో పెసర విత్తితే ఆగస్టు చివరికి చేను ఖాళీ అవుతుంది. దున్నుకుని, ఒకటి రెండు వానలు పట్టించుకుని, అక్టోబరులో శనగో జొన్నో తాపీగా వేసుకోవచ్చు. అదే చేలో మినుము ఉంటే సెప్టెంబరు సగం దాకా కదలదు. అప్పుడు ఒక వాన అడ్డొచ్చినా రబీ పంట వెనకబడుతుంది.

వెనక పంట లేదు, ఆ చేనుకు ఇదే చివరి పంట అనుకుంటే మాత్రం ఆ అదనపు రోజులు మినుముకు లాభమే. పదను ఉన్నంతకాలం అది పూస్తూ, కాస్తూ పోతుంది. మంచి యాజమాన్యంలో మినుము ఎకరాకు 6 నుంచి 8 క్వింటాళ్లు, పెసర 5 నుంచి 6 క్వింటాళ్లు ఇస్తాయన్నది మన దగ్గర మామూలుగా చెప్పే లెక్క. ఇది బాగా పండినప్పటి మాట. ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు సోకిన ఏడాది రెండింటిలో ఏదైనా రెండు మూడు క్వింటాళ్లకు పడిపోవచ్చు.

వరి మాగాణి: ఇక్కడ నా ఓటు మినుముకే

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా (వానాకాలం) వరి కోశాక మాగాణిలో మినుము వేయడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. 1980ల్లో గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎల్‌బీజీ 17 రకం (రైతులు కృష్ణయ్య అనేవారు) బూడిద తెగులును తట్టుకోవడంతో ఈ సాగు మరింత విస్తరించింది. దుక్కి లేకుండా, దుక్కిలో ఎరువు లేకుండా, చాలాచోట్ల ఒక్క తడి కూడా లేకుండా, వరి వదిలిపెట్టిన పదను మీద, రాత్రి మంచు మీద పండే పంట ఇది. ఇంత తక్కువ ఖర్చుతో వచ్చే పంట డెల్టాలో ఇంకోటి లేదు.

చేతికోత అయితే వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే విత్తనం చల్లుతారు. ఆ రోజు పదను చూసుకోవడంలోనే సగం పంట ఉంది. చేలోకి దిగితే పాదం ముద్ర స్పష్టంగా పడాలి, కానీ ఆ ముద్రలోకి నీరు ఊరకూడదు. నీరు ఊరుతుంటే గింజ ఉబ్బి కుళ్లిపోతుంది. ముద్రే పడకపోతే సగం గింజలు మొలవవు. మెట్టలో గొర్రుతో వేస్తే ఎకరాకు 6 నుంచి 8 కిలోలు సరిపోయే మినుము విత్తనం మాగాణిలో 16 నుంచి 18 కిలోలు కావడానికి కారణం ఇదే. కొన్ని గింజలు పనల కింద పోతాయి, కొన్ని కాళ్ల కింద పోతాయి, కొన్ని వరి మోళ్ల మీదే ఆగిపోతాయి. మాగాణిలో పైరు పలచనైతే తర్వాత సరిదిద్దే మార్గం లేదు. విత్తనం దగ్గర పిసినారితనం వద్దు.

వరికోత మిషన్ వచ్చాక ఈ పద్ధతి చిక్కుల్లో పడింది. ముందే చల్లితే చక్రాల గాళ్లలో మొలక నలిగిపోతుంది. కోశాక చల్లితే ఈలోపు పైమట్టి ఆరుతుంది, మిషన్ పోసిన గడ్డి కింద మొలక పాలిపోతుంది. మిషన్‌తో కోయించేవాళ్లు కోత అయిన వెంటనే గడ్డి తీయించి, పదను తగ్గకముందే విత్తన గొర్రుతో వేసుకోవడం మేలు. నాలుగు రోజులు ఆగుదాం అనుకుంటే ఆ పదను మళ్లీ రాదు.

ఇక్కడ పెసర ఎందుకు కాదు? పెసర కూడా వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి తర్వాత పెసర, మినుము రెండూ చల్లుతారు. అక్కడి తేలిక నేలల్లో పదను తొందరగా ఆరిపోతుంది కాబట్టి త్వరగా ముగిసే పెసరకు అర్థం ఉంది. కానీ డెల్టా బంకమట్టి చాలా రోజులు పదను పట్టి ఉంచుతుంది. ఆ పదనును చివరిదాకా వాడుకునేది మినుమే. బరువు నేలను, కాస్త ఎక్కువైన తేమను కూడా పెసర కంటే అదే బాగా ఓర్చుకుంటుంది. పైగా ఫిబ్రవరి, మార్చిలో మినుము తీత సమయానికి డెల్టాలో సాధారణంగా పొడి వాతావరణమే ఉంటుంది, వాన భయం తక్కువ.

ఒక్క సందర్భంలో మాత్రం మాగాణిలో కూడా పెసర వైపు చూడండి. తుపానులతో వరి కోత వెనకబడి, డిసెంబరు మధ్య దాటిపోయినప్పుడు. మాగాణి మినుముకు నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు 15 దాకా మంచి అదును. ఆ తర్వాత వేస్తే కాయ గట్టిపడే దశలో పదను అయిపోయి ఎండ ముదురుతుంది. పొట్టిగా పెరిగి, బూడిద తెగులును తట్టుకునే టీఎం 96-2 లాంటి పెసర రకం అలాంటప్పుడు కొంత నిలబెడుతుంది. డిసెంబరు కూడా దాటితే రెండూ వద్దు. కాలువ నీరు అందే చోట మొక్కజొన్నో జొన్నో చూసుకోండి.

తడి పెట్టే వీలుంటే 30-35 రోజులకు ఒకటి, 55 రోజుల లోపు ఇంకోటి, రెండూ తేలికగా ఇవ్వండి. నీళ్లున్నాయి కదా అని మడి నింపితే మొక్క పసుపుపచ్చగా మారి పోతుంది.

పునాస పెసర, తెలంగాణ చల్కా

ఖమ్మం, మహబూబాబాద్, సూర్యాపేట వైపు ఎర్ర చల్కా నేలల్లో తొలకరికి పెసర (పునాస పెసర) వేయడం పాత అలవాటు. ఆ నేలకు అది తగిన పంట. చల్కా నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. వానకూ వానకూ మధ్య పది, పన్నెండు రోజుల ఎడం వస్తే మినుము వాడిపోయి పూత రాలుస్తుంది. పెసర అదే ఎడాన్ని కొంత ఓపికగా దాటుతుంది, పైగా తొందరగా బయటపడుతుంది. కంది సాళ్ల మధ్య వేసుకోవడానికి కూడా పెసరే అనుకూలం. కంది గుబురు కట్టకముందే అది చేను ఖాళీ చేస్తుంది.

నల్లరేగడి అయితే వేరు. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు వానాకాలంలో మినుము కూడా బాగా వస్తుంది. వెనక శనగ వేసే ఉద్దేశం లేకపోతే నల్లరేగడిలో మినుముకే మొగ్గు చూపవచ్చు. నల్లరేగడి చేలో నీరు బయటికి పోయే కాలువలు తీసుకోవడం మాత్రం మరచిపోవద్దు. మినుము కొంత తేమను ఓర్చుకుంటుంది కానీ నిలిచిన నీటిని కాదు.

పునాస పెసరకు అసలు గండం కోతకాలం. ఆగస్టు ముసురు. కాయ నల్లబడి కోతకు సిద్ధంగా ఉన్నప్పుడు రెండు రోజులు వదలకుండా వాన పడితే ఆ కాయ ఒకటి విప్పి చూడండి. గింజలు ఉబ్బి ఉంటాయి, ఒకటి రెండింటికి తెల్లటి మొలక కాయలోనే కనిపిస్తుంది. పెసర గింజకు నిద్రావస్థ లేకపోవడం వల్ల తేమ తగిలితే చాలు, చెట్టు మీదే మొలుస్తుంది. మొలవని గింజలు కూడా ఆకుపచ్చ రంగు పోయి గోధుమరంగుకు తిరుగుతాయి. మార్కెట్ యార్డులో వ్యాపారి గుప్పిట్లోకి తీసుకుని చూసేది మొదట ఆ రంగునే. చాలామంది పెసర మానేసి పత్తికి వెళ్లిపోవడానికి ఈ కోతకాలం వానలే ఒక పెద్ద కారణమని నా నమ్మకం.

మినుముకు ఈ బెడద లేదని కాదు, తక్కువ. కాయ తొందరగా పగలదు, గింజ అంత త్వరగా మొలకెత్తదు. ఒక వాన పడినా మళ్లీ ఎండ కాస్తే నిభాయించుకుంటుంది. కాబట్టి మీ వైపు ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో వానలు ఏటా గట్టిగా పడుతుంటే, చల్కా అయినా సరే పెసరకు ఒకసారి ఆలోచించండి. వేసేటట్టయితే కాయలన్నీ ఒకేసారి పండే రకం ఎంచుకోండి. పాత ఎల్‌జీజీ 460కి అంత పేరు రావడానికి కారణం అదే. కాయలు పైన గుత్తులుగా వచ్చి దాదాపు కలిసి పండుతాయి. పల్లాకు తెగులును మాత్రం అది తట్టుకోదు.

వేసవి

బోరు కింద మార్చి మొదటి వారం నుంచి మూడు నెలలు ఖాళీగా ఉండే చేను ఉందా? పెసర వేయండి, ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఫిబ్రవరి రెండో పక్షం నుంచి మార్చి మధ్యలోపు పడితే మే మధ్యకు చేతికొస్తుంది. ఆలస్యమైతే ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు పూతమీద పడి పూత రాలుతుంది. మినుము వేయాలనుకుంటే ఫిబ్రవరి మొదట్లోనే పడాలి. అప్పటికి చాలామందికి చేను ఖాళీ కాదు.

వేసవి పెసరకు ఇంకో ప్రయోజనం ఉంది. కాయ కోసుకున్నాక పచ్చిగా ఉన్న మొక్కను అలాగే కలియదున్నితే పచ్చిరొట్ట ఎరువు అవుతుంది. వెనక వచ్చే వరికి అది బలం. వేసవి పెసరను లెక్కగట్టేటప్పుడు గింజ డబ్బులతో పాటు దీన్నీ కలుపుకోవాలి.

తెగుళ్ల విషయంలో రకమే సగం మందు

పల్లాకు తెగులు రెండింటినీ పట్టిపీడిస్తుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది. సోకిన మొక్కకు మందు లేదు. మొదట్లో అక్కడక్కడా పసుపు మచ్చలున్న మొక్కలు కనిపించగానే పీకేయడం, ఎసిటామిప్రిడ్ కానీ థయోమిథాక్సామ్ కానీ లీటరు నీటికి 0.2 గ్రాములు కలిపి తెల్లదోమ మీద కొట్టడం, అంతే మనం చేయగలిగేది. అందుకే రకం దగ్గరే జాగ్రత్త పడాలి. మినుములో పీయూ 31, టీబీజీ 104, ఎల్‌బీజీ 787 పల్లాకును బాగా తట్టుకుంటాయి. పెసరలో డబ్ల్యూజీజీ 42, ఐపీఎం 2-14, ఎల్‌జీజీ 607 ఉన్నాయి. మీ ఊరి చుట్టుపక్కల గత రెండేళ్లలో పల్లాకు ఉధృతంగా వచ్చి ఉంటే, పంట ఏదైనా ఈ రకాల్లోంచే తీసుకోండి.

డెల్టాలో ఏటా అదే చేలో మినుము వేసేవాళ్లకు ఎండు తెగులు ఇంకో సమస్య. అక్కడ ఎల్‌బీజీ 752 ఇప్పటికీ ఆదుకుంటుంది, దాని మెరిసే గింజకు పాలిష్ రకంగా మార్కెట్లో గిరాకీ కూడా ఉంది. కానీ పల్లాకుకు అది లొంగుతుంది. చూశారా, ఒకే పంటలో కూడా ఏ తెగులు మీ చేలో ఎక్కువ అన్నదాన్నిబట్టి రకం మారిపోతుంది. ఎండు తెగులు మరీ ముదిరిన చేలో రకం ఒక్కటే సరిపోదు, రెండేళ్లు పంట మార్చాల్సిందే.

మారుకా మచ్చల పురుగు పూతను, కాయలను గూడుకట్టి తినేస్తుంది. ఇది రెండింటిలోనూ ఒకటే. మబ్బు పట్టిన రోజుల్లో పూత దశలో చేలోకి దిగి గూళ్లు చూసుకోండి. కనిపిస్తే క్లోరాంట్రానిలిప్రోల్ లీటరుకు 0.3 మిల్లీలీటర్ల చొప్పున కొట్టాలి. కాయలోకి వెళ్లాక ఏ మందూ అందదు.

మాగాణిలో బంగారు తీగ గురించి గట్టిగా చెప్పాలి. పసుపు దారాల్లా మొక్కను చుట్టేసి రసం పీల్చే ఈ కలుపు ఎక్కువగా విత్తనంతోనే వస్తుంది. దాని గింజ మినుము కంటే చిన్నది కాబట్టి జల్లెడ పడితే చాలావరకు పోతుంది. పక్క రైతు దగ్గర విత్తనం తీసుకునేటప్పుడు రేటు అడిగే ముందు ఆయన చేలో బంగారు తీగ ఉందా అని అడగండి. చేలో కనిపిస్తే పూతకు రాకముందే మొక్కతో సహా పీకి, బయటికి తెచ్చి కాల్చేయాలి. గట్టు మీద పడేస్తే మళ్లీ అంటుకుంటుంది.

కోత, కూలీ, నిల్వ

ఇంట్లో మనుషులుండి, చిన్న కమతమైతే పెసర కాయలు రెండు మూడు దఫాలుగా ఏరుకోవచ్చు. అలా ఏరిన గింజ రంగు, నాణ్యత బాగుంటాయి. కూలీలను పెట్టి ఏరించాలంటే ఖర్చు తలకు మించుతుంది. మినుము ఒక్కసారిగా కోసి, కుప్పేసి, ఎండబెట్టి నూర్చుకునే పంట. పైగా మినప పొట్టు పశువులకు మంచి మేత, పాడి ఉన్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

మిషన్‌తో కోయించడం కోసం పచ్చి చేను మీద గడ్డిమందు కొట్టి ఎండబెట్టే పద్ధతి రెండు పంటల్లోనూ పాకుతోంది. దయచేసి ఆ పని చేయకండి. కాయ కోతకు వచ్చిన చేను మీద కొట్టిన మందు నేరుగా పప్పులోకి వస్తుంది. మన పిల్లలు తినేది ఆ పప్పే. 2025 వేసవిలో మధ్యప్రదేశ్ ప్రభుత్వం పెసర కొనుగోలుకు మొదట వెనకాడింది కూడా ఈ గడ్డిమందు వాడకాన్ని కారణంగా చూపే. నాలుగు రోజులు ఆగితే చేను దానంతటదే ఆరుతుంది.

రేటు పెరిగేదాకా ఇంట్లో దాచుకునే ఉద్దేశం ఉంటే మినుము కాస్త నయం. పెసరను పుచ్చు పురుగు త్వరగా పడుతుంది. ఏదైనా తేమ 9 శాతానికి తగ్గేలా ఎండబెట్టి, పళ్లకు పెట్టి కొరికితే టక్కున విరిగేలా ఉన్నప్పుడే సంచికెత్తండి.

ఇప్పుడు రేటు

2025-26 మద్దతు ధర క్వింటాకు పెసరకు 8,768 రూపాయలు, మినుముకు 7,800. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి పెసరే లాభం అనుకోకండి. 6 క్వింటాళ్ల మినుముకు వచ్చే 46,800 రూపాయలు పెసరతో రావాలంటే 5.34 క్వింటాళ్లు పండాలి. మీ చేను పెసరలో అంత ఇస్తుందా అన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి. కాగితం మీద ఎక్కువ మద్దతు ధర ఉండటం వేరు, ఆ ధరకు కొనేవాళ్లు ఉండటం వేరు. నమోదు చేసుకున్న రైతులు తెచ్చిన కంది, మినుము, మసూర్‌ను నాలుగేళ్లపాటు కేంద్రం తరఫున కొనే సంస్థలు నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ కొంటాయని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పెసర ఆ జాబితాలో లేదు. దానికి మద్దతు ధర పథకం కింద ఉత్పత్తిలో 25 శాతం దాకానే కొనుగోలు పరిమితి. రాజస్థాన్ ఖరీఫ్ పెసర, మధ్యప్రదేశ్ వేసవి పెసర ఒక్కసారిగా మార్కెట్‌కు వచ్చినప్పుడు ఇక్కడ యార్డులో ధర మద్దతు ధర కంటే కిందికి దిగడం మామూలే.

మినుముకు ఉన్న ముప్పు వేరే దిక్కు నుంచి వస్తుంది. 2021 మే నుంచి మినుము దిగుమతిని కేంద్రం స్వేచ్ఛగా వదిలింది. మయన్మార్ నుంచి చెన్నై రేవుకు వచ్చే సరుకును బట్టి మన మినుము ధర ఆడుతుంది. పెసర దిగుమతి మీద మాత్రం 2022 నుంచి ఆంక్షలున్నాయి. అయినా ఇడ్లీ, దోసె ఉన్నంతకాలం మనవైపు మినుముకు కొనేవాడు దొరకడం కష్టం కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అమ్మకం దగ్గర మినుముకే ధైర్యం ఎక్కువ అని నేనంటాను.

తేలకపోతే

చేను చల్కా, వెనక రబీ పంట ఉంది, ఆగస్టు చివర వానలు మీ వైపు మరీ గట్టిగా ఉండవు: పెసర. బరువు నేల, మాగాణి, డిసెంబరు మధ్యలోపు విత్తగలరు: మినుము. వేసవి, బోరు: పెసర. కూలీలు దొరకరు, కోతకాలంలో వానలు పడతాయి, పాడి ఉంది: మినుము. అటూ ఇటూ కాకుండా ఉంటే రెండూ చెరిసగం వేయడం కొందరి అలవాటు. రేటు దెబ్బ నుంచి అది కాపాడుతుంది కానీ తెల్లదోమ నుంచి కాపాడదు. ఒక మడిలో పల్లాకు మొదలైతే పక్క మడికీ పాకుతుంది, కాబట్టి రెండింటిలోనూ తట్టుకునే రకాలే ఉండాలి.

ఏది నిర్ణయించుకున్నా విత్తనం పది రోజుల ముందే తెచ్చుకోండి. తడి గోనెసంచిలో 100 గింజలు చుట్టి నాలుగైదు రోజులకు విప్పి లెక్కపెడితే మొలక శాతం తెలుస్తుంది. 75 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం మార్చండి. కిలో విత్తనానికి 5 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్ఎస్ పట్టిస్తే మొదటి మూడు వారాలు రసం పీల్చే పురుగుల నుంచి రక్షణ ఉంటుంది. రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజనిని నిలిపే సూక్ష్మజీవి) కలుపుతుంటే మందు ఆరాక, విత్తే ముందు చివరగా కలపాలి. ఇవి తమంతట తాము ఫలదీకరణ చెందే పంటలు కాబట్టి మంచి చేలోంచి తీసిన సొంత విత్తనం రెండు మూడేళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. కొంటే మాత్రం రకం పేరు రాయించి బిల్లు తీసుకోండి. ఆంధ్రలో అయితే విత్తిన వెంటనే రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ (వేసిన పంట వివరాల) నమోదు చేయించుకోండి. అది లేకపోతే మద్దతు ధర కొనుగోలు కేంద్రం దగ్గర మీ పంటకు లెక్కే ఉండదు.